గడ్డిమడిలో పిల్లిపెసర

అత్తయ్యగారూ,

నా పరిశోధన కోసం ఒకే రకం గడ్డి పెంచుతున్న మడిలో మీరు పశువుల మేతకని గుప్పెడు పిల్లిపెసర గింజలు చల్లేశారని ఎంత ఎగిరిపడ్డానో! "ఒక్క గడ్డే పెడితే గేదెకైనా మొహం మొత్తదేంటమ్మా?" అని నవ్వేశారు. 'పాడైన మడి' అని పుస్తకంలో రాసుకున్నాను.

మీ సంవత్సరీకం అయిన మర్నాడు మన ఏటి లంకలో మడిమడికీ గాజుపెట్టె బోర్లించి, మొక్కలు గాలిలోంచి ఎంత కార్బన్ పీలుస్తున్నాయో కొలిచాను. రాలిన గింజతో పిల్లిపెసర మళ్లీ మొలిచిన మీ మడే ఎక్కువ పీల్చింది. వారమంతా కొలిచినా అదే మాట.

ఒక్క మడితో తేల్చేయకూడదు కాబట్టి, ఈసారి సగం మడుల్లో పిల్లిపెసర కలుపుతున్నాను. మీదే గెలుస్తుంది, చూడండి.

గాలిని కొలవడం వచ్చు గానీ, మీలా మడంతా పల్చగా చల్లడం రావట్లేదండీ. గింజలన్నీ నా కాళ్ల దగ్గరే పడుతున్నాయి.