మాత్రకు ముందు తీయవలసిన రక్తం

పెద్దాసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అమ్మాయి రక్తంలో మూర్ఛ మందు ఎంత ఉన్నదో మళ్లీ పరీక్ష చేయించవలెనని, మూడు నెలలు ఆగమనకుండా ఈ వారమే చేయించవలెనని.

నేను నాలుగో తరగతితో బడి మానినదానను. మా పక్కింటి రిటైరు గుమాస్తా గారు "అంకెలు వేసి రాయండి పిన్నిగారూ, అంకెలుంటేనే ఆఫీసులో చదువుతారు" అన్నందున వేయుచున్నాను.

1. మా అమ్మాయికి ముప్ఫై ఒకటి. పుస్తకాలు బైండింగు చేసే షాపులో పని. పన్నెండో ఏటి నుంచి మూర్ఛ. పొద్దున ఏడింటికి ఒక మాత్ర, రాత్రి రెండు. పరీక్షకు రక్తం పొద్దుటి మాత్ర వేసుకోకముందే తీయాలని డాక్టరమ్మ గారు చీటీ మీద గీత గీసి మరీ రాసియున్నారు.

2. తమ రక్తపరీక్ష కిటికీ తెరుచునది తొమ్మిదిన్నరకు. మేము ఆరున్నరకే వచ్చి నిలబడిననూ నంబరు నలభై దాటుచున్నది. మా వంతు వచ్చేసరికి పదకొండు. ఏడింటి మాత్ర అంతదాకా ఆపి, పిల్లను వరుసలో నిలబెట్టి, దాని ముఖం వంకే చూస్తూ ఉండుట ఎలా ఉండునో మనవి చేయలేను. దాని కనురెప్ప అదిరితే నడుము చుట్టూ చేయి వేసి పట్టుకుంటాను. పోయిన ఏడు ఆ వరుసలోనే పడి ముందుపన్ను విరగ్గొట్టుకున్నది. వెనకనున్నాయన "కాస్త పక్కకు పడుకోబెట్టండమ్మా, వరుస ఆగిపోయింది" అన్నాడు.

3. ఈసారి రిపోర్టులో మందు ఉండవలసినదానికన్న ఎక్కువున్నదని వచ్చినది. డాక్టరమ్మ గారు రాత్రి మాత్ర ఒకటి తగ్గించినారు. అది మొదలు పదహారు రోజులలో నాలుగుసార్లు మూర్ఛ. ఒకసారి కాగితం కోసే మిషను ముందే. షాపు యజమాని "మిషను దగ్గర పని, నాకు భయమమ్మా, బాగయ్యాక పంపండి" అన్నాడు. అమ్మాయి ఇప్పుడు గోడవైపు తిరిగి కూర్చుంటున్నది.

4. డాక్టరమ్మ గారు నెల రోజులు సెలవు. వారి బదులు ఉన్నాయన కొత్త రిపోర్టు లేనిదే మాత్ర పెంచనన్నారు. కిటికీలో ఆయనను అడిగితే "మిషను అబద్ధం చెప్పదు మామ్మగారూ, మూడు నెలల తర్వాత రండి" అన్నారు. "మిషనుకేం తెలుసు నాయనా" అంటిని. "మరి మీకేం తెలుసు" అన్నారు.

5. కావున ఈ వారమే మళ్లీ రక్తం తీయించవలెను. మూర్ఛ వాళ్లకు మాత్ర వేళకే, అనగా ఏడింటికే తీసి పంపించవలెను. నా ఒక్కదాని కోసం కాదు, ఆ వరుసలో నాలాగా ముఖాలు చూస్తూ నిలబడేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇంతకన్న రాయుటకు చేయి ఆడుట లేదు. దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నలభై ఏడో నంబరు చీటీ అమ్మాయి తల్లి

తా.క. కవరు అంటించి మళ్లీ విప్పినాను. కిటికీలో ఆయన మీద తమరు కోప్పడతారేమోనని. ఆయన తప్పేం లేదు. మిషనుదీ లేదు.

ఈసారి రక్తం తీసిన రోజు, వరుసలో ఉండగా ఎనిమిదిన్నరకు అమ్మాయి "అమ్మా, కళ్ల ముందు మెరుపులొస్తున్నాయి" అంది. నేను స్తంభం చాటుకు వెళ్లి, మాత్ర నలిపి ఫ్లాస్కు మూతలో టీలో కలిపి ఇచ్చాను. "చేదుగా ఉందేంటమ్మా" అంది. "ఆకు ఎక్కువైంది, తాగు" అన్నాను. కిటికీలో ఆయన "మాత్ర వేసుకోలేదుగా" అని అడిగితే అది లేదండీ అంది. దానికి తెలియదు, అది అబద్ధమాడలేదు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను.

డాక్టరమ్మ గారు మాత్ర తగ్గించేటప్పుడైనా నోరు తెరవవలసింది. కానీ మాత్ర తగ్గిందంటే జబ్బు తగ్గుతోందనుకుని అమ్మాయి దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. పంతొమ్మిదేళ్లలో దాన్ని అలా చూడలేదు. రేపు చెబుదామనుకున్నాను. రేపటికి పడిపోయింది.

జరిగింది అమ్మాయికి నేనే చెప్పుకుంటాను. ముందు పరీక్ష కానివ్వండి. ఆ రోజు మాత్రల అట్ట నా దగ్గర తీసుకుని మీ కిటికీ లోపల పెట్టుకోమనండి. రక్తం తీశాక అమ్మాయి చేతికే ఇవ్వమనండి. నా చేతిలో ఉంటే మళ్లీ వేసేస్తాను.