తాళంచెవి నా దగ్గరే

సోమవారం
ఇవాళ్టి నుంచి సూపర్‌వైజర్‌ని. మొన్నటిదాకా పద్మక్క పక్క కుట్టుమిషన్ నాది. ఇక అందరి వెనకా నిలబడటం. బడులు తెరిచే రోజులు — యూనిఫాంలు గుట్టలు గుట్టలు. నాంపల్లిలో మూడో అంతస్తు, పైన రేకులు. మధ్యాహ్నమైతే పొయ్యిలో కూర్చున్నట్టే.
మా ఓనర్ సేట్ తాళంచెవి చేతిలో పెట్టాడు. చాయ్‌కని కిందికి దిగితే కుట్టుడు ఆగిపోతోందట. మెట్ల తలుపుకు తాళం ఉండాల్సిందేనట. తల ఊపాను.

మంగళవారం
"గిదేంది సునీతా, మేమేమన్న దొంగలమా?" పద్మక్క నవ్వుతూనే అంది.
నేను నవ్వలేదు. తాళం వేశాను.

గురువారం
గుండీలు తెమ్మని సేట్ ఆబిడ్స్ పంపాడు. వెళ్తూ తాళం వేసి, చెవి బ్యాగులో పడేసుకున్నాను. గుండీలు తొందరగానే దొరికాయి. వెంటనే రావచ్చు... రాలేదు. ఏసీ ఉన్న బట్టల షాపులోకి వెళ్లి, కొనలేని చీరలు చూస్తూ నిలబడ్డాను. చల్లగా, హాయిగా.
తిరిగొస్తే తలుపు గొళ్లెం విరిగి వేలాడుతోంది. కరెంటు పోయి, ఆ ఉడుకులో పద్మక్క మిషన్ మీదే పడిపోయిందట. అందరూ తలుపు బాదారట. నాకు ఫోన్లు చేశారట — షాపులో పాటల హోరు, వినపడలేదు. చివరికి వాచ్‌మన్ కడ్డీతో పగలగొట్టాడు.
పద్మక్కను అప్పటికే దవాఖానకు తీసుకెళ్లారట. మిగిలినవాళ్లు నన్ను చూసి పక్కకు జరిగి దారిచ్చారు. తిట్టినా బాగుండేది.

శుక్రవారం
దవాఖాన. పద్మక్కకు సెలైన్, నుదుటికి కుట్లు. తలుపుకు తాళం ఎవరు వేశారని ఆమె భర్త నన్నే అడిగాడు.
"తాళం గీళం ఏం లేదు. తలుపే బిగుసుకపోయింది," అంది పద్మక్క. నా వైపు చూడలేదు.

శనివారం
గొళ్లెం బిగించి, కొత్త తాళం తెచ్చాడు సేట్. వద్దు సార్ అన్నాను. అయితే మళ్లీ మిషన్ దగ్గర కూర్చో అన్నాడు, నెమ్మదిగానే.
తీసుకున్నాను. వేయలేదు... మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినపడేదాకా.

ఆదివారం
చర్చిలో పాస్టర్‌గారు నా పేరు చెప్పి, పెద్ద పని దొరికినందుకు స్తోత్రం చేయించారు. అందరితోపాటు ఆమెన్ అన్నాను.

సోమవారం
పద్మక్క ఇంటికొచ్చిందట. పని దిగాక బత్తాయిలు తీసుకుని చాదర్‌ఘాట్ వెళ్లాను. ఒకటే గది. మంచం మీదే జరిగి నాకు చోటిచ్చింది.
"నా మిషన్ మీద ఎవలన్న కూసున్నరా?"
"ఎవరూ లేరక్కా."
పొద్దున కొత్తామెను అక్కడ కూర్చోబెట్టింది నేనే.
"బుధారం నుంచి వస్తనని సేట్‌కు జర చెప్పు."
ఔ అన్నాను. బత్తాయి ఒలిచి సగం నా చేతిలో పెట్టింది.
తిన్నాను.