మూడు కాళ్ళ పిల్లి ఉన్న ఫిల్టర్

బావా,

నువ్వూ అక్కా కులాసాయే అనుకుంటాను. నా బుర్ర మాత్రం గిర్రున తిరుగుతోంది.

మా రొట్టెల వ్యాన్‌కి పొగగొట్టం ఫిల్టర్ పాడైపోయిందంటే, వాడినదే కొనుక్కోమని నంబరు రాసి పంపావు కదా, చివరి అక్షరం దాకా కలవాలన్నావు. బండి కింద దూరి చూస్తే అక్కడున్న ఫిల్టర్ మీద వేరే నంబరుంది. నువ్వు మెకానిక్‌వి, నాకంటే నీకే తెలుస్తుందని నీ చీటీ పట్టుకుని పాత సామాన్ల కొట్టుకు వెళ్ళాను.

నీ నంబరుది దొరికింది. మసి తుడిస్తే దాని మీద మేకుతో గీసిన మూడు కాళ్ళ పిల్లి కనిపించింది. పోయినేడు నువ్వు మా ఫిల్టర్ విప్పి వాకిట్లో పెట్టినప్పుడు మా చిన్నది గీసిన పిల్లే అది. ఆ రోజే నువ్వు దాన్ని కడిగిస్తానని పట్టుకెళ్ళి, తెచ్చి బిగించావు.

ఎవరిచ్చారని కొట్టాయన్ని అడిగాను.

"ఎవరో మెకానిక్ అండీ. నోరు తెరిస్తే 'అసలు సంగతేంటంటే' అంటాడు."

అలా అనేవాళ్ళు బోలెడుమంది ఉంటారని నేనే ఆయనకు సర్దిచెప్పాను. అక్కకు ఫోన్ చేసి, ఇవాళ ఏం కూర వండావని అడిగి పెట్టేశాను.

ఈ బండి ఆగితే మా ఇల్లు ఆగుతుంది. నా ఫిల్టర్‌ని నేనే కొనుక్కోవాలా? మరి ఇన్నాళ్ళూ బండి కింద ఉన్నది ఎవరిది? నాకేమీ పాలుపోవడం లేదు.

జవాబు 'అసలు సంగతేంటంటే' అనే మొదలుపెట్టు బావా. ఈసారి ఆ తర్వాత అసలు సంగతే రాయి.

నీ బావమరిది