నీళ్లు పారబోసే చోటు

ఖాసిం మామా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ప్రొద్దుటూరు మునిసిపాలిటీలో నువ్వు చేసిన మొక్కల మేస్త్రీ పని ఇంకెవరికీ ఇవ్వలేదు. కొత్త ఇంజనీరు బజారు వీధిలో తాడు పట్టి, వరసగా కానుగ మొక్కలు నాటించాడు. కాగితం మీద శానా బాగుండింది. ఎండాకాలం నీళ్లబండి రాక అన్నీ ఎండిపోయాయి. నువ్వు వంకరటింకరగా నాటినవి మాత్రం పచ్చగా నిలిచాయి. అప్పట్లో వాటిని చూసి నేనూ నవ్వినవాణ్నే.

"ఇవి ఏ కొలతతో నాటారండీ?" అని ఇంజనీరు, ఆఫీసు గుమాస్తానని నన్ను అడిగాడు.

"కొలతేం ల్యాదు సార్. టీకొట్టోడు గలాసులు కడిగి యాడ పారబోస్తాడో ఆడొకటి. మసీదులో నమాజుకు ముందు కాళ్లు చేతులు కడిగి వజూ చేసిన నీళ్లు యాడ పడతాయో ఆడొకటి. మా మామ వారం దినాలు వీధిలో కూచ్చోని చూసి నాటినాడు" అన్నాను.

అతను తాడు చుట్టేశాడు. మర్నాడు తనే పోయి టీకొట్టు ముందు కూర్చున్నాడు.

నీ సమాధికి నాలుగడుగుల దూరంలో నేనూ ఒక కానుగ నాటాను మామా. అక్కడ నీళ్లు పారబోసేవాళ్లు ఎవరూ లేరు. అందుకే రోజూ పొద్దున చెంబు తీసుకుని వచ్చి, ముఖం అక్కడే కడుక్కుంటున్నాను.

నీ సుబ్బరాయుడు