బుగ్గలో గమ్ము

నాందేడ్, 1978, ఆదివారం

ఈరోజు నా కూతురు లక్ష్మికి మూడు దవడ పళ్లు తీయించాను. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి అది ఇక్కడ మా అక్క దగ్గర ఉంటోంది. నేనుండే ధర్మాబాద్ నుంచి వచ్చిన ప్రతిసారీ సంచిలో వారానికి సరిపడా చూయింగ్ గమ్ తెచ్చేవాణ్ణి. రోజూ ఒకటి బుగ్గలో పెట్టుకునే పడుకునేదట.

"ఉమ్మెయ్యుమంటె ఏడుస్తది తమ్మీ. బాపు ఇచ్చిండంటది," అంది అక్క.

రాత్రంతా నోట్లో ఉన్న చక్కెరే పళ్లను పుచ్చబెట్టిందన్నాడు డాక్టరు. చక్కెరకు బదులు వేరే తీపి వేసిన గమ్ విదేశాల్లో ఉందట. దాంతో పళ్లు పుచ్చవట. ఇక్కడ దొరకదట.

"ఇగ గమ్ము తేను బిడ్డా," అన్నాను.

నోట్లో దూదితోనే అడిగింది: "గమ్ము తేకుంటె నువ్వు గూడ రావా బాపూ?"

ఇన్నాళ్లూ అది నా సంచి కోసం ఎదురుచూస్తోందనుకున్నాను.