జనరేటర్ షెడ్డుకు బయలుదేరే ముందు ఓడ్వార్ చేసిన పంపకాలు

నార్వే దేశస్థుడినీ, అంటార్కిటికాలోని ఈ పరిశోధనా కేంద్రంలో జనరేటర్ మెకానిక్‌నూ అయిన ఓడ్వార్ స్కోగెన్ అనే నేను, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా.

తుపాను వారం రోజులుగా తగ్గలేదు. షెడ్డు గాలిగొట్టంలో మంచు పేరుకుంది. అది తీయకపోతే జనరేటర్ ఆగుతుంది, ఆగితే ఇక్కడున్న నలుగురమూ గడ్డకట్టుకుపోతాం. కనుక తాడు పట్టుకుని నేను వెళ్లాలి. బయట చెయ్యి చాపితే వేళ్లు కనిపించడం లేదు. తిరిగి రాని పక్షంలో ఈ కింది విధంగా జరగవలసినది.

1. నా మంచు పార సర్వహక్కులతో వంటవాడు తుర్‌ఫిన్‌కు చెందవలసినది. నీళ్ల తొట్టిలోకి మంచు తవ్విపోసే వంతు వచ్చినప్పుడల్లా "అన్నా, నడుం పట్టేసిందన్నా, ఇవ్వాళొక్కరోజు చూడు" అనేవాడు. శీతాకాలపు విందులో బల్లెక్కి గెంతినప్పుడు ఆ నడుముకు ఏమీ కాలేదు.

2. డీజిల్ ఫిల్టర్ల వెనక నేను దాచిన మేకపాల చీజ్ కూడా వాడికే. వాడి వంట లేకపోతే ఈ చీకటి నాకు గడిచేది కాదు. వాడంటే నాకు ప్రాణం. ఈ మాట నేను పోయాకే చదివి వినిపించాలి, ముందే తెలిస్తే నెత్తికెక్కుతాడు.

3. మా డాక్టరూ, మా అందరికీ పెద్దా అయిన హెల్గాకు ఏమీ లేదు. పుచ్చిన పన్ను వదిలేసి పక్కనున్న మంచి పన్ను పీకి, "పోనీలేవోయ్, ఇంకా బోలెడున్నాయిగా" అంది.

4. నార్వేలో సముద్రపు పాయ ఒడ్డున ఉన్న నా కొయ్య ఇల్లు, పడవతో సహా, వాతావరణ బెలూన్లు ఎగరేసే మార్గిట్‌కు. ఒకసారి బెలూన్ గాలికి కొట్టుకొచ్చి ఆమెకే చుట్టుకుంటే, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, ఆ మంచులోనే కూలబడి పకపకా నవ్వింది. ఆ రోజు నుంచీ ఆమె అంటే నాకు ఇష్టం. ఆ ఇంట్లో నాతో ఉంటావా అని ఈ శీతాకాలమంతా అడగాలనుకున్నాను, నోరు పెగల్లేదు.

5. సాక్షుల సంగతి. సాక్షి సంతకం చేసినవారికి వీలునామాలో ఏం రాసినా చెల్లదని మా చట్టం. హెల్గాకు ఎలాగూ ఏమీ లేదు కనుక ఆమె ఒక సాక్షి. రెండో సంతకానికి తుర్‌ఫిన్‌ను పిలిచాను. సంతకం పెడితే పార బెడద తప్పుతుందని తెలిసి పరుగున వచ్చాడు. ఇంతలో మార్గిట్ వాడి భుజం మీదుగా కాగితమంతా చదివి, కలం లాక్కుంది. "నువ్వు చచ్చాక ఆ ఇల్లు నేనేం చేసుకోను? బతికొచ్చి, నోరు తెరిచి అడుగు" అంటూ సంతకం పెట్టేసింది.

అందుచేత నాలుగో అంశం చెల్లదు. ఆ ఇల్లు ఆమెకు దక్కాలంటే నేను తిరిగి రావడం తప్ప చట్టంలో వేరే దారి లేదు. బయలుదేరుతున్నాను.

జూలై 19
(సంతకం) ఓడ్వార్ స్కోగెన్

సాక్షులు:
హెల్గా బ్రెకె
మార్గిట్ ఔస్తాద్ (తొందరగా రా)