గోడ అవతలి సెట్‌టాప్ బాక్స్

కౌసల్యా,

రెండో షిఫ్టుకు గడ్డపోతారం పోతున్న. ఫోన్లో చూసి చేసిన చానల్ మార్చే మిషన్ అమ్మ మంచం పక్కన బిగించిన. రిమోట్ దాని నల్ల కన్నుకు చూపిస్తే చాలు. లోపలి బోర్డు సిగ్నల్ పట్టుకుని, గోడకు కొట్టిన బెజ్జంలోంచి పోయే వైరుతో అన్న ఇంట్లో ఉన్న బాక్సుకు పంపిస్తది. మిషన్‌కు పెట్టిన చార్జర్ మాత్రం పీకకు. అటువైపు బాక్సుకు సిగ్నల్ కొట్టే చిన్న బల్బును వదినె దాని ముందర అంటించింది, అన్నకు చెప్పలేదు.

ఇల్లు పంచుకుని గోడ కట్టినప్పుడు బాక్సు తన వైపే ఉంచుకున్నడు గదా పెద్దమనిషి! మన టీవీకి అండ్లకెళ్లి వైరు ఒక్కటి ఇచ్చిండు. ఆయన క్రికెట్ పెడితే అమ్మ కూడా క్రికెట్టే చూడాలె. ఇగ అమ్మ నొక్కితే రెండిండ్లల్ల చానల్ మారుతది. కొట్లాటకు వస్తే నాకు ఫోన్ చెయ్యి.

ఇంకోటి. బల్లులొస్తయని బెజ్జంలో గుడ్డ దూర్చకు. పొద్దున అమ్మ తన సీరియల్ పెట్టింది. అన్న మళ్లీ మార్చలేదు. గోడ లేచినంక మొదటిసారి అటునుంచి ఆయన గొంతు వినపడ్డది: "అమ్మా, గా పిల్ల ఎందుకు ఏడుస్తుందే?"

అమ్మ బెజ్జం దగ్గర కూసొని, మొదటినుంచి కథంతా చెప్పింది.